శరత్కాల సంగీతసభలు, చారిత్రక వేదికలు: మహర్నవమి దిబ్బ నుండి మంజీర తీరం దాకా

వ్యాససంగ్రహం

వర్షాలు వెనుదిరిగి, నవరాత్రులతో మొదలై, కార్తికం ముగిసేదాకా సాగే కాలం దక్కనులోనూ దక్షిణదేశంలోనూ శాస్త్రీయ సంగీతసభలకు ప్రధానమైన ఋతువు. కోటలు, రాజసౌధాలు, ఆలయమండపాలు ఈ ఋతువులో కచేరీ వేదికలవుతాయి. దీనిని పర్యాటకశాఖలు కనిపెట్టిన కొత్త సంప్రదాయంగా చూసే ధోరణి ఒకటి ఉంది. విజయనగరపు మహర్నవమి, తిరువనంతపురం నవరాత్రి మండపం, హైదరాబాదు చౌమహల్లా సౌధం అనే మూడు వేదికల ఆధారంగా ఆ అభిప్రాయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఏ కట్టడం "చారిత్రక వేదిక"గా గుర్తింపు పొందుతుంది, ఏ గానం ఆ గుర్తింపు వెలుపల ఉండిపోతుంది అన్న ప్రశ్నను నారాయణఖేడ్ ప్రాంతపు బోరంచను దృష్టిలో ఉంచుకొని చర్చిస్తుంది.

కీలకపదాలు: శరన్నవరాత్రులు, మహర్నవమి దిబ్బ, నవరాత్రి మండపం, చౌమహల్లా, మేవాతీ ఘరానా, మహలఖాబాయి చందా, బతుకమ్మ, బోరంచ.

1. ఉపోద్ఘాతం

సంగీతచరిత్రను మనం ఎక్కువగా వాగ్గేయకారుల చరిత్రగా, గురుశిష్య పరంపరల చరిత్రగా రాసుకున్నాం. ఎవరు రచించారు, ఎవరికి నేర్పారు అన్న ప్రశ్నలకు దొరికినంత సమాచారం, ఎక్కడ పాడారు, ఏ కాలంలో పాడారు, ఎవరు కూర్చొని విన్నారు అన్న ప్రశ్నలకు దొరకదు. రచన తాళపత్రంలో నిలుస్తుంది. పరంపర శిష్యుల నోట నిలుస్తుంది. సభ మాత్రం ఆ సాయంత్రంతో ముగుస్తుంది. దానికి మిగిలే సాక్ష్యం కట్టడం ఒక్కటే. ఆ కట్టడం కూడా కూలిపోతే రాజుల ఖర్చుల లెక్కలు, పరదేశి యాత్రికుల కథనాలు తప్ప వేరే ఆధారం ఉండదు.

అందుచేత సంగీతసభను స్థలకాలాల చరిత్రగా చదవడం అవసరం. శరత్కాలం ఇందుకు తగిన ఉదాహరణ. ఆశ్వయుజ కార్తికాలలోనే ఇన్ని సభలు ఎందుకు కూడాయి? ఈ ప్రశ్నకు భక్తిపరమైన సమాధానం అందరికీ తెలిసినదే. దాని వెనుక ఉన్న పాలనాపరమైన సమాధానం కొంత మరుగున పడింది.

2. మహర్నవమి: కప్పం కట్టే రోజులలో కచేరీ

హంపీలోని రాజప్రాంగణంలో నేడు మహర్నవమి దిబ్బగా పిలుస్తున్న రాతి వేదిక మెట్టుమెట్టుగా పైకి లేచిన నిర్మాణం. దాని పార్శ్వాల మీద ఏనుగుల వరుసలు, గుర్రాల వర్తకులు, వేటగాళ్ళు, నర్తకీమణులు శిల్పాలుగా కనిపిస్తారు. వేదికపైన ఒకప్పుడు ఉన్న మండపం మిగలలేదు. స్తంభాలు నిలిపిన గుంటలు మాత్రం ఉన్నాయి. అంటే సంగీతనృత్యాలు ప్రదర్శితమైన భాగం నశించి, దానిని మోసిన పీఠం మిగిలింది. ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి. హంపీకి వెళ్ళి దిబ్బను చూసినవారు ఒక సభాభవనాన్ని చూసినట్టు కాదు, దాని పునాదిని చూసినట్టు.

తైమూరు వంశీయుడైన షారుఖ్ పంపిన రాయబారి అబ్దుర్ రజాక్ 1443లో రెండవ దేవరాయల కాలంలో ఈ ఉత్సవాన్ని చూశాడు. మూడు రోజుల వేడుకగా దానిని వర్ణించాడు. రాజుకు ఎదురుగా తెర వెనుక యువతులు నిలిచి ఉండడం, తెర తొలగగానే నృత్యం మొదలుకావడం అతనిని ఆశ్చర్యపరిచింది. శ్రీకృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో, పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయిస్ తొమ్మిది రోజుల ఉత్సవాన్ని చూశాడు. దేవతార్చన, నర్తకుల ప్రదర్శనలు, మల్లయుద్ధాలు, బాణసంచా, ఉత్సవానంతరం జరిగే సేనాసమీక్ష ఇవన్నీ అతని కథనంలో ఉన్నాయి. అంతఃపుర స్త్రీలు నృత్యం నేర్చుకొనే శాలను కూడా అతడు ప్రత్యేకంగా పేర్కొన్నాడు. నాట్యభంగిమలు మరచిపోకుండా అక్కడి స్తంభాల మీద బొమ్మలుగా చెక్కి ఉంచారన్న అతని మాట సంగీతనృత్యాల బోధనచరిత్రకు విలువైన సాక్ష్యం.

కాలనిర్ణయానికి సంబంధించిన కీలకం నూనిజ్ కథనంలో ఉంది. 1535 ప్రాంతంలో రాసిన నూనిజ్, ఈ తొమ్మిది రోజుల వేడుకకు ప్రజలు చెప్పే కారణాలను ప్రస్తావిస్తూ, నాయకులు రాజుకు కట్టవలసిన కప్పం చెల్లించే సమయం ఇదే కావడం వల్ల ఉత్సవం జరుపుతారని చెప్పేవారూ ఉన్నారంటాడు. ఈ మాట రాబర్ట్ సూయెల్ 1900లో ప్రచురించిన గ్రంథం ద్వారా అందరికీ అందుబాటులోకి వచ్చింది. చరిత్రకారులు దీనిని రాజ్యవ్యవస్థ సందర్భంలో విరివిగా వాడుకున్నారు. సంగీతచరిత్ర రాసినవారు దాదాపు పట్టించుకోలేదు.

వానలు తగ్గితే బాటలు తెరుచుకుంటాయి, నదులు దాటవచ్చు. నాయకులు తమ బలగాలతో రాజధానికి చేరగలరు. దండయాత్రల కాలం ముందుంది కనుక సైన్యాన్ని లెక్కచూసుకోవలసిన సమయమూ అదే. రాజ్యంలోని శక్తిమంతులందరూ ఒకేచోట తొమ్మిది రోజులు కూర్చొనే సందర్భం సంవత్సరంలో ఇదొక్కటే. వారి ఎదుట గానం చేయడమంటే రాజ్యమంతటి ఎదుట గానం చేసినట్టే. కళాకారునికి దక్కే సత్కారం ఒక్క రాజుది కాదు. ఆ సభలోని నాయకులు తమ తమ సీమలకు తిరిగి వెళ్ళి అటువంటి విద్వాంసులను ఆదరించాలని కోరుకుంటారు. 1565 తరువాత విజయనగరం పాడుబడినా, మధుర, తంజావూరు నాయకరాజ్యాలలో ఆ ఆదరణ కొనసాగడానికి ఈ సభాసంస్కృతి కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

మైసూరు ఒడయరులు ఈ పరంపరనే తమదిగా చెప్పుకున్నారు. రాజ ఒడయరు 1610లో శ్రీరంగపట్టణంలో దసరా ఉత్సవం ప్రారంభించాడు. 1897లో పాత రాజభవనం అగ్నికి ఆహుతి కాగా, 1912 నాటికి పూర్తయిన నేటి భవనం దసరా దర్బారుకు వేదికైంది. తెలుగు పాఠకులు ఇక్కడ గమనించదగిన విషయం మైసూరు వాసుదేవాచార్యులది (1865–1961). కన్నడదేశపు ఆస్థాన విద్వాంసుడైన ఆయన తన రచనలను ప్రధానంగా తెలుగు సంస్కృతాలలో చేశాడు. తాను ఎరిగిన కళాకారుల గురించిన జ్ఞాపకాలను మాత్రం కన్నడంలో రాశాడు. సభలో పాడవలసినది తెలుగులోను, సభ గురించి చెప్పవలసినది కన్నడంలోను! పట్నం సుబ్రహ్మణ్యయ్యరు శిష్యరికం ఇందుకు ఒక కారణం కాగా, వినేవారి అలవాటు మరొకటి.

3. తిరువనంతపురం: మారని వేదిక, మారిన నియమం

రాజసభ అంతరించినా దాని నియమం యథాతథంగా నిలిచిన వేదిక తిరువనంతపురం కోటలోని నవరాత్రి మండపం. పద్మనాభస్వామి ఆలయానికి సమీపంలో, కుతిరమాళిక సౌధానికి ఆనుకొని ఉంది. తిరువాన్కూరు పూర్వరాజధాని పద్మనాభపురం. అక్కడి రాజభవనంలోని సరస్వతీమూర్తి తమిళకవి కంబరు అర్చించినదని ఐతిహ్యం. రాజధాని పద్దెనిమిదవ శతాబ్ది చివరలో తిరువనంతపురానికి మారిన తరువాత నవరాత్రి ఉత్సవం కూడా తరలింది. అయితే దేవి నివాసం మారలేదు. ఏటా పద్మనాభపురం నుండి సరస్వతీమూర్తిని, కుమారకోవిల నుండి వేలాయుధస్వామిని, శుచీంద్రం నుండి మున్నూట్రినంగ దేవిని ఊరేగింపుగా తిరువనంతపురం తెచ్చి, ఉత్సవం ముగిశాక తిరిగి చేరుస్తారు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు పద్మనాభపురం ఉన్న ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో కలిసింది. రాజభవనం నిర్వహణ మాత్రం కేరళ చేతిలోనే ఉండిపోయింది. ఆనాటి నుండి ఈ ఊరేగింపు ఏటా ఒక రాష్ట్రసరిహద్దును దాటుతోంది.

ఈ మండపంలోని కచేరీపద్ధతికి రూపమిచ్చినవాడు స్వాతితిరునాళ్ (1813–1846). నవరాత్రుల కోసం ఆయన తొమ్మిది సంస్కృత కీర్తనలు రచించాడు. శంకరాభరణం, కల్యాణి, సావేరి, తోడి, భైరవి, పంతువరాళి, శుద్ధసావేరి, నాటకురంజి, ఆరభి: రోజుకొక రాగం. ఏ విద్వాంసుడు పాడినా ఆ రోజుకు నిర్ణయమైన కీర్తనే ప్రధానాంశం. ముల్లమూడు భాగవతార్లు ముందుగా తోడయమంగళం పాడతారు. కచేరీ సాయంత్రం ఆరు గంటలకు మొదలై ఎనిమిదిన్నరకు ముగుస్తుంది. తానం పాడేటప్పుడు మృదంగం తోడుగా ఉండడం ఇక్కడి విశేషం. శ్రోతలు చప్పట్లు కొట్టరు. గానం దేవి ఎదుట జరుగుతుంది కనుక మెచ్చుకోలు శ్రోతల పని కాదన్నది అక్కడి భావన.

ఆస్థానంలోని విద్వాంసులకూ తెలుగుకూ ఉన్న సంబంధం దృఢమైనది. తంజావూరు సోదరచతుష్టయంలో ఒకడైన వడివేలు, త్యాగరాజశిష్యుడైన కన్నయ్య భాగవతారు స్వాతితిరునాళ్ కొలువులో ఉన్నవారు. స్వాతితిరునాళ్ తానే తెలుగులో రచనలు చేశాడు. అయినా నవరాత్రి మండపంలో ప్రధానస్థానం సంస్కృతానికే దక్కింది. కర్ణాటక సంగీతానికి తెలుగే భాష అన్న మాటను మనం తరచు కొంత అతిశయంతో వాడుతుంటాం. సభను బట్టి, దేవతను బట్టి, రోజును బట్టి భాష మారేదని ఈ మండపం చూపుతుంది. వర్ణంలో తెలుగు, పదంలో తెలుగు, దేవి ఎదుట సంస్కృతం: ఇది భాషల మధ్య పోటీ కాదు, సందర్భాల మధ్య పంపకం.

ఈ వేదిక చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం ఇటీవలిదే. అక్కడ స్త్రీలు పాడే ఆచారం లేదు. ఆ నియమాన్ని 2006లో పారశ్శాల బి. పొన్నమ్మాళ్ (1924–2021) గానంతో సడలించారు. ఆమె స్వాతితిరునాళ్ సంగీత కళాశాలలో తొలితరం విద్యార్థిని. జీవితమంతా సంగీతం నేర్పిన గురువు. మండపంలో పాడే నాటికి ఆమెకు ఎనభై ఏళ్ళు దాటాయి. కొలువైనది సరస్వతి, కీర్తనలన్నీ దేవీపరమైనవి. పాడడానికి మాత్రం స్త్రీ కంఠం పనికిరాకపోవడం ఎంతటి వైరుధ్యమో వివరించనక్కరలేదు. గమనించవలసినది ఏమంటే, ఆ మార్పు వచ్చినప్పుడు రాగక్రమం మారలేదు, కాలనియమం మారలేదు, చప్పట్లు లేని నిశ్శబ్దమూ మారలేదు. స్త్రీలు పాడితే సంప్రదాయం చెదిరిపోతుందన్న వాదనకు ఆ సాయంత్రమే సమాధానం చెప్పింది.

4. హైదరాబాదు: దర్బారు లేని దర్బారు

తెలంగాణకు వస్తే పరిస్థితి వేరు. ఇక్కడ నవరాత్రి సభలకు తిరువనంతపురం వంటి అవిచ్ఛిన్నమైన రాజకీయ ఆలంబన లేదు. గోల్కొండ, ఆసఫ్‌జాహీ దర్బారులలో సంగీతానికి లోటు లేకపోయినా, అది పండుగల పంచాంగం కన్నా పాలకుని జన్మదినాలు, విందులు, ఉరుసుల చుట్టూ తిరిగింది. క్షేత్రయ్య తన పదమొకదానిలో తాను గోల్కొండ పాదుషా కొలువులో పదిహేనువందల పదాలు చెప్పానని పేర్కొన్నాడు. ఆ లెక్క ఎంతవరకు యథార్థమన్నది వేరే చర్చ. ఒక తెలుగు పదకర్త గోల్కొండను మధుర, తంజావూరుల సరసన నిలిపాడన్నదే మనకు కావలసిన సాక్ష్యం. దక్కనులో సంగీతం కోసమే కట్టిన సౌధం ఉదాహరణ కావాలంటే గోల్కొండను దాటి బీజాపూరు వెళ్ళాలి. రెండవ ఇబ్రహీం ఆదిల్‌షా నిర్మించిన నౌరస్‌పూరులోని సంగీత మహల్ శిథిలమై నేటికీ ఉంది. ఆ పాలకుడే దక్కనీ భాషలో కితాబె నౌరస్ కూర్చి, అందులో సరస్వతిని స్తుతించాడు.

నేడు హైదరాబాదులో చారిత్రక వేదిక అనగానే స్ఫురించే పేరు తారామతి బారాదరి. అబ్దుల్లా కుతుబ్‌షా (1626–1672) కాలపు నర్తకి తారామతి అక్కడ పాడితే గోల్కొండ కోటలో ఉన్న సుల్తానుకు వినిపించేదన్న కథ ప్రచారపత్రాలన్నిటిలో ఉంటుంది. తారామతి, ప్రేమామతి పేర్లతో సమాధులు కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలో ఉన్నాయి. రాజవంశీకుల సమాధుల నడుమ కళాకారిణులకు చోటు దక్కడం నిజంగా అరుదైన గౌరవం. గాలిలో తేలివచ్చిన గానం కథ మాత్రం ఐతిహ్యమే. ఐతిహ్యాన్ని ఐతిహ్యంగా చెప్పుకుంటే తప్పులేదు. దానినే చరిత్రగా వేదిక మీద ప్రకటించినప్పుడు, ఆధారాలున్న మరొక కళాకారిణి చరిత్ర వెనక్కు పోతుంది.

ఆమె మహలఖాబాయి చందా (1768–1824). ఉర్దూలో దీవాను కూర్చిన తొలితరం కవయిత్రులలో అగ్రగణ్య. నిజాం అలీఖాన్ దర్బారులో స్థానం పొందింది. తాన్‌సేన్ పరంపరకు చెందినవాడిగా ప్రసిద్ధుడైన ఖుశ్‌హాల్‌ఖాన్ అనూప్ వద్ద సంగీతం అభ్యసించింది. మౌలాలీ కొండ దిగువన తన తల్లి కోసం కట్టించిన ప్రాంగణంలోనే ఆమె కూడా విశ్రమించింది. ఆ కట్టడానికి ఇటీవల పునరుద్ధరణ జరిగింది. ఆమె గురువెవరో తెలుసు, రచనలు తెలుసు, మరణించిన సంవత్సరం తెలుసు, సమాధి తెలుసు. అయినా మన సాంస్కృతిక ప్రచారంలో తారామతికి దక్కిన చోటు మహలఖాబాయికి దక్కలేదు. కథకు ఉన్న ఆకర్షణ దస్తావేజుకు ఉండదేమో! పరిశోధకులు కూడా ఆ ఆకర్షణకు లోబడితే కష్టం.

చౌమహల్లా సౌధం కథ మరొక రకమైనది. 1750లో సలాబత్‌జంగ్ కాలంలో మొదలైన నిర్మాణం అఫ్జలుద్దౌలా పాలనలో (1857–1869) పూర్తయింది. అఫ్జల్ మహల్, మహతాబ్ మహల్, తహ్నియత్ మహల్, ఆఫ్తాబ్ మహల్ అనే నాలుగు సౌధాల వల్ల ఆ పేరు వచ్చింది. ఖిల్వత్ దర్బారుశాలలో చలువరాతి పీఠం, పైన పందొమ్మిది స్ఫటిక దీపగుచ్ఛాలు. ఒకప్పుడు నలభై ఐదు ఎకరాలున్న ప్రాంగణంలో మిగిలినది పన్నెండు ఎకరాల పైచిలుకు. దీర్ఘకాలం మూతపడి ఉన్న ఆ సౌధాన్ని ఈ శతాబ్ది ఆరంభంలో పునరుద్ధరించి 2005లో ప్రజల సందర్శనకు తెరిచారు. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించింది. ఆ తరువాత ఆ ప్రాంగణం సంగీతసభలకు కూడా వేదికైంది. అక్కడ జరిగిన సభలలో చరిత్రదృష్ట్యా ముఖ్యమైనది పండిత్ మోతీరామ్ పండిత్ మణిరామ్ సంగీత సమారోహం.

మేవాతీ ఘరానా గాయకుడైన మోతీరామ్ 1934లో హైదరాబాదు వచ్చాడు. ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఆస్థానంలో విద్వాంసుడిగా నియమితుడు కావలసిన తరుణంలో ఈ నగరంలోనే కన్నుమూశాడు. అప్పటికి కుమారుడు జస్‌రాజ్‌కు నాలుగేళ్ళు. పెద్దన్న మణిరామ్ కుటుంబ బాధ్యతనూ ఘరానా బాధ్యతనూ స్వీకరించాడు. జస్‌రాజ్ బాల్యం హైదరాబాదులోనే గడిచింది. బడికి వెళ్ళే దారిలో బేగం అఖ్తర్ పాట రికార్డు వింటూ ఆగిపోయేవాడినని ఆయన అనేక సందర్భాలలో చెప్పుకున్నాడు. 1972 నుండి తండ్రి, అన్నల స్మృతిలో ఈ నగరంలో ఏటా నవంబరు చివరి రోజులలో సమారోహం నిర్వహించాడు. శరత్తు హేమంతంలోకి జారే రోజులవి. 2020 ఆగస్టు 17న అమెరికాలో మరణించేవరకు ఆయన హైదరాబాదును తండ్రి సమాధి ఉన్న ఊరుగానే భావించాడు.

ఈ సమారోహాన్ని దర్బారు సంప్రదాయానికి కొనసాగింపుగా వర్ణించడం పరిపాటి. నాకు అది సరికాదనిపిస్తుంది. మోతీరామ్‌కు దర్బారు దక్కలేదు. నియామకపత్రం చేతికందకముందే మరణించిన గాయకుని పేరు మీద, ఆ దర్బారే అంతరించిన తరువాత, నిజాముల సౌధప్రాంగణంలో కచేరీ జరగడం కొనసాగింపు కాదు. తెగిపోయిన చోట వేసిన ముడి. తిరువనంతపురంలో వేదికా నియమమూ కలిసి నిలిచాయి. హైదరాబాదులో వేదిక నిలిచింది, నియమం పోయింది. కొత్త నియమాన్ని ఒక కుటుంబం తన దుఃఖం నుండి కల్పించుకుంది. ఆ సమారోహానికి పాతబస్తీ శ్రోతలు, కొత్తనగరపు శ్రోతలు ఒకే బారున కూర్చున్నారు. నిజాం కాలంలో అటువంటి కూర్పు ఊహకందనిది.

వేదిక సైతం నిలవనప్పుడు ఏమవుతుందో చూపడానికి బషీర్‌బాగ్ చాలు. పటియాలా ఘరానా మహాగాయకుడు బడే గులాం అలీఖాన్ తన చివరి రోజులు హైదరాబాదులో గడిపి, 1968లో బషీర్‌బాగ్ సౌధంలో మరణించాడు. మీర్ మోమిన్ దాయిరాలో ఆయన సమాధి ఉంది. బషీర్‌బాగ్ సౌధం లేదు. పేటకు పేరు మిగిలింది. ఆయన అక్కడ ఏ గదిలో సాధన చేసేవాడు, ఎవరికి వినిపించేవాడు అన్న ప్రశ్నలకు ఇక గోడలు సాక్ష్యం చెప్పవు.

5. పది గంటల నియమం, రాగాల సమయం

చారిత్రక కట్టడంలో కచేరీ అనగానే సౌందర్యం గురించే మాట్లాడుకుంటాం. దానిని శాసిస్తున్న చట్టాల గురించి సంగీతజ్ఞులు తక్కువగా ఆలోచిస్తారు. కేంద్రప్రభుత్వ రక్షణలో ఉన్న కట్టడాలకు 1958 నాటి చట్టం, 1959 నాటి నియమాలు వర్తిస్తాయి. ఆచారసిద్ధమైన మతకార్యాలకు మినహాయింపు ఉన్నా, సభలకు, వినోదకార్యక్రమాలకు ముందస్తు అనుమతి తప్పనిసరి. ఇది కట్టడం మేలుకోరి పెట్టిన నియమం. దానితో ఎవరికీ పేచీ లేదు. సంగీతం మీద నేరుగా ప్రభావం చూపినది మరొకటి. శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు ఆరుబయట ధ్వనివర్ధకాలు వాడరాదు. సాంస్కృతిక, మతపరమైన ఉత్సవాల కోసం సంవత్సరంలో పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి పన్నెండు వరకు రాష్ట్రప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు.

కర్ణాటక సంగీతానికి ఇది పెద్ద ఇబ్బంది కాదు. రాగానికి కాలనియమం ఆచరణలో సడలిపోయింది. హిందుస్తానీకి అలా కాదు. మాల్కౌంస్, దర్బారీ కానడ వంటివి రాత్రి పొద్దుపోయాక విస్తరించే రాగాలు. తెల్లవారుజామున పాడే లలిత్, భైరవ్ సంగతి చెప్పనే అక్కరలేదు. రాత్రంతా సాగే మెహఫిల్ లేనప్పుడు, కోట ప్రాంగణంలో ఆరు నుండి పది వరకు మాత్రమే పాడగలిగినప్పుడు, యమన్, పూరియా ధనాశ్రీ వంటి సాయంకాల, తొలిరాత్రి రాగాలకే చోటు మిగులుతుంది. మూసి ఉన్న సభాభవనంలో ఈ ఇక్కట్టు లేదు. చౌమహల్లా వంటి బయలు ప్రాంగణంలోనే ఉంది. అంటే చారిత్రక వేదికకు తరలినకొద్దీ హిందుస్తానీ గాయకుని రాగపరిధి కుంచించుకుపోతుంది. స్వాతితిరునాళ్ రాగాన్ని రోజుకు ముడిపెట్టాడు. ఉత్తరాది సంప్రదాయం రాగాన్ని ఝాముకు ముడిపెట్టింది. వర్తమాన చట్టం ధ్వనివర్ధకాన్ని గడియారానికి ముడిపెట్టింది. మూడూ శ్రోతకు ఏ రాగం చేరాలో నిర్ణయిస్తున్నాయి.

ధ్వనివర్ధకం లేకుండానే పాడవచ్చు కదా అన్న ప్రశ్న రావచ్చు. ఖిల్వత్ దర్బారులో నూరుమంది కూర్చుంటే అది సాధ్యమే. ప్రాంగణంలో వేలమంది కూర్చున్నప్పుడు సాధ్యం కాదు. దర్బారు గానం కొద్దిమంది కోసం రూపొందింది. ఆ చిన్నతనమే దాని నాదసౌఖ్యం. దానిని అందరికీ అందించాలనుకున్న క్షణంలో యంత్రం తప్పదు. ప్రజాస్వామ్యానికి ఆ మాత్రం మూల్యం చెల్లించడం సమంజసమేనని నేను భావిస్తాను. మూల్యం చెల్లిస్తున్నామన్న స్పృహ మాత్రం ఉండాలి.

6. బోరంచ నుండి చూస్తే

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో, మనూరు మండలంలో, మంజీర ఒడ్డున బోరంచ ఉంది. నల్లపోచమ్మ ఆలయం వల్ల చుట్టుపక్కల జిల్లాలలో ప్రసిద్ధి పొందిన గ్రామం. ఇక్కడికి హైదరాబాదు కన్నా బీదరు కోట దగ్గర. 1956 వరకు నారాయణఖేడ్ తాలూకా హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాలో భాగం. రాష్ట్రాల పునర్విభజనతో మెదక్ జిల్లాలోకి వచ్చింది. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినిపించే సీమ. రాష్ట్రసరిహద్దు పద్మనాభపురాన్ని దాని దేవి నుండి వేరుచేసిన సంవత్సరంలోనే ఈ తాలూకాను దాని కోట నుండి వేరుచేసింది.

ఇప్పటివరకు చర్చించిన అర్థంలో బోరంచలో "చారిత్రక వేదిక" లేదు. శరత్కాలంలో గానం లేదా అంటే ఉంది. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై, సద్దులతో ముగిసే బతుకమ్మ తెలంగాణ పల్లెలన్నిటిలోనూ తొమ్మిది రోజుల గానసభే. తంగేడు, గునుగు పూసే కాలమది. నవరాత్రి మండపంలోనూ తొమ్మిది రోజులే, ఇక్కడా తొమ్మిది రోజులే. అక్కడ రెండువందల ఏళ్ళ తరువాత స్త్రీకి పాడే అవకాశం దక్కింది. ఇక్కడ పాడేవారందరూ స్త్రీలే. అక్కడ చప్పట్లు నిషిద్ధం. ఇక్కడ చప్పట్లే తాళం. వాద్యం అక్కరలేదు, ధ్వనివర్ధకమూ అక్కరలేదు. తెలంగాణ ప్రభుత్వం 2014లో దీనిని రాష్ట్రపండుగగా ప్రకటించిన తరువాత నగరాలలో ధ్వనివర్ధకాల పాటలకు ఆడడం పెరిగింది. ఒకరు చెబితే పదిమంది అందుకొనే పద్ధతికి అది మేలు చేసిందని చెప్పలేం.

పోచమ్మ వంటి గ్రామదేవతల కొలుపులలో బైండ్లవారి జమిడిక, కథాగానం తెలంగాణలో ప్రసిద్ధం. ఆ గానానికి కాలనియమం ఉంది, వంశపారంపర్య హక్కు ఉంది, నేర్చుకొనే క్రమం ఉంది, స్థలనిష్ఠ ఉంది. ముల్లమూడు భాగవతార్లకు ఉన్న లక్షణాలు ఇవే. ఒకదానిని శాస్త్రీయమని, మరొకదానిని జానపదమని విడదీయడానికి స్వరశాస్త్రపరమైన కారణాలు ఉండవచ్చు. వేదికాచరిత్ర దృష్ట్యా మాత్రం రెండింటినీ ఒకే ప్రశ్నలతో పరిశీలించవచ్చు: పాడే హక్కు ఎవరిది, ఆ హక్కుకు ప్రతిఫలం ఏ రూపంలో ముట్టింది, ఆ ప్రతిఫలం ఎప్పుడు ఆగింది?

మూడవ ప్రశ్నకు సమాధానం వెదకడానికి ఆధారాలు కూడా ఉన్నాయి. తెలంగాణలో ఆలయసేవకు, వాద్యసేవకు ఇచ్చిన ఇనాము భూముల వ్యవహారాలు నిజాం కాలంలో అతియాత్ విచారణల పరిధిలో ఉండేవి. 1952లో వాటికి ప్రత్యేక చట్టం వచ్చింది, 1955లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. ఈ దస్తావేజులలో ఏ సేవకు ఎంత భూమి, ఎవరి పేర, ఏ షరతు మీద ఇచ్చారన్నది నమోదై ఉంటుంది. రాజుల సంగీతసభల ఖర్చును పరిశీలించినంత శ్రద్ధగా ఈ కాగితాలను సంగీతచరిత్ర కోసం పరిశీలించినవారు తక్కువ. నారాయణఖేడ్ ప్రాంతపు దేవతాసేవకుల, వాద్యకారుల ఇనాముల కోసం తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో వెదికేవారు మెదక్ జిల్లా కట్టలతో ఆగిపోకూడదు. 1956కు పూర్వపు కాగితాలను బీదరు జిల్లా పేరు కింద, ఉర్దూలో చదవవలసి ఉంటుంది.